గంట మోగేలోపు: తరగతి వాదనల పురోగతి, 6 వారాలు

1వ వారం. తరగతిలో పిల్లలను రెండు పక్షాలు చేసి వాదింపజేయడంలో సగం పని అంశం ఎంపికలోనే ఉంది. ‘నీరు ప్రాణాధారం’ లాంటిది పెడితే ఎదుటిపక్షానికి మాట్లాడేందుకు ఏమీ మిగలదు. ‘బత్తాయి తోట తీసి వరి వేయడమే మేలు’ అంటే నల్లగొండ పిల్లలకు రెండు వైపుల సమాచారమూ ఇంట్లోనో, పక్క చేనులోనో దొరుకుతుంది. పక్షానికి ముగ్గురు, మనిషికి 4 నిమిషాలు. 3వ నిమిషానికి ఒక గంట, 4కి రెండు. ఎవరు ఏ పక్షమో చీటీలు తీసి తేల్చాలి. ఇష్టానికి వదిలితే అందరూ ఒకే వైపు చేరతారు.

2, 3 వారాలు. కాగితం చూసి చదివితే గొంతు కాగితంలోకే పోతుంది. పోస్టుకార్డంత అట్టముక్క, దానిమీద 3 పాయింట్లు, పాయింటుకు ఐదారు మాటలు, అంతే. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం కంఠతా రావాలి. ‘గౌరవనీయులైన’ అంటూ మొదలయ్యే వందనాల దండకానికి 10 సెకన్లు చాలు.

అసలు చిక్కు వాక్యం చివర ఉంది. తెలుగులో క్రియ అక్కడికొస్తుంది, ఊపిరీ అక్కడే అయిపోతుంది. వెనక బెంచీకి ‘కొత్త బోర్లు వేయ...’ దాకే వినబడితే వేయాలన్నారో వేయొద్దన్నారో తెలియదు. ఫ్యాను తిరుగుతుండగానే సాధన చేయించాలి. చివరి మాట అందనప్పుడల్లా వెనకవాళ్లు చెయ్యెత్తాలి. పొడుగు వాక్యాన్ని రెండుగా విరిచి, నడుమ ఊపిరి తీసుకుంటే తేడా తెలుస్తుంది. అరిస్తే గొంతు బొంగురుపోవడమే.

యాస సంగతి: ‘చేస్తున్నరు’ అనే నోటితో ‘చేయుచున్నారు’ అనిపించబోతే నాలుక తడబడుతుంది. ఇంటి మాటే ఉండనివ్వాలి. మార్కులు స్పష్టతకు, యాసకు కోత లేదు.

4, 5 వారాలు: ఖండన. నోటుబుక్కు పేజీని నిలువుగా మడిచి, ఎడమన ఎదుటివాళ్ల మాట, కుడిన జవాబు. జవాబుకు ముందు ‘మీరన్నది ఇదీ’ అని వాళ్ల వాదనను ఒక్క వాక్యంలో చెప్పాలి, చెప్పలేకపోతే విననట్టే. అంశం ‘నల్లా నీళ్లొచ్చినంక బోరు నీటికి ఫ్లోరైడ్ పరీక్ష అక్కర్లేదు’. ఈ వాదనలో ఊరికే ‘ఫ్లోరైడ్ ఎక్కువ’ అంటే నిలబడదు. తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు లేనప్పుడు 1.5 దాకా అని చెప్పాలి. అంకె గుర్తుండి కొలత మరిస్తే ఎదుటిపక్షం అక్కడే పట్టుకుంటుంది.

6వ వారం. గొంతు, సమయం దారికొచ్చాయి. ఖండన ఇంకా పలచనే: అవతల అనని మాటకు ముందే రాసుకొచ్చిన జవాబు చెబుతున్నారు. అందుకే వచ్చే వారం అట్టముక్కలు లేవు. మొదటి వక్తలిద్దరూ కూర్చోగానే పక్షాలు తారుమారు.