తెల్లబట్ట అన్నారు, స్లయిడ్ మీద వేరేది కనిపించింది

దురద లేదు, మంట లేదు. గంజినీళ్ళలా పలచగా బూడిదరంగు తెలుపు, దాంతోపాటు నీచు వాసన. భర్తతో కలిసిన తర్వాత, నెలసరి చివరి రోజుల్లో ఆ వాసన మరీ ఎక్కువ. నాకు వచ్చిన బాక్టీరియల్ వజైనోసిస్ (యోనిలో మంచి బాక్టీరియా తగ్గి వేరే బాక్టీరియా పెరిగే జబ్బు) లక్షణాలు ఇంతే. చాలామందికి ఈ మాత్రం లక్షణాలు కూడా కనిపించవు. మా నెల్లూరు వైపు తెల్లబట్ట అంటే వేడి చేసిందని సబ్జా నీళ్ళు తాగిస్తారు. మందుల షాపులో అడిగితే క్లోట్రిమజోల్ బిళ్ళ ఇస్తారు. అది ఫంగస్‌కి మందు. ఫంగస్ అయితే దురద ఉంటుంది, తెలుపు గడ్డలు గడ్డలుగా పోతుంది, నీచు వాసన రాదు.

పొగతోటలో ఒక ల్యాబ్‌లో పనిచేస్తాను కాబట్టి నా స్లయిడ్ నేనే చూసుకున్నాను. స్రావాన్ని యోని పక్కగోడ నుంచి దూదిపుల్లతో తీయాలి. గర్భాశయ ముఖద్వారం దగ్గరి జిగురు అంటినా, నెత్తురు కలిసినా, ముందురోజు భర్తతో కలిసి ఉన్నా పీహెచ్ (పులుపు కొలత, పులుపు తగ్గేకొద్దీ ఇది పెరుగుతుంది) ఎక్కువ చూపిస్తుంది. నాకు పీహెచ్ కాగితం 4.5 దాటింది. 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ఒక చుక్క వేయగానే నీచు వాసన గుప్పుమంది. ఇంకొంచెం స్రావాన్ని సెలైన్ చుక్కలో కలిపి, కవర్ స్లిప్ వేసి, 40 లెన్స్ కింద చూశాను. పొరకణాల మీద సన్నటి బాక్టీరియా కిక్కిరిసి అంటుకుని ఉంది, కణం అంచు ఎక్కడుందో తెలియడం లేదు. ఇవే క్లూ కణాలు. ఐదింట ఒకటికి మించి ఇలా ఉంటే లెక్కలోకి వస్తుంది. పలచటి స్రావం, పీహెచ్, వాసన, క్లూ కణాలు, ఈ నాలుగింటిలో మూడుంటే జబ్బు ఉన్నట్టే. 1983 నుంచి వాడుతున్న ఆమ్సెల్ కొలత ఇది. గ్రామ్ రంగు వేసి ఏ బాక్టీరియా ఎంతుందో చూసే నూజెంట్ స్కోరు 7 నుంచి 10 వరకు ఉన్నా అదే అర్థం. కల్చర్‌కి (బాక్టీరియాని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) డబ్బు పెట్టడం దండగ, ఈ జబ్బులో పెరిగే గార్డ్‌నెరెల్లా బాక్టీరియా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలోనూ పెరుగుతుంది.

ఆ స్లయిడ్ మీద యోనిని కాపాడే మంచి బాక్టీరియా, పొడుగాటి లాక్టోబాసిల్లస్ ఒక్కటీ లేదు. అసలు జబ్బు అక్కడుంది.

ఈస్ట్రోజెన్ హార్మోన్ వల్ల యోని గోడ కణాల్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం చేరుతుంది. దాని నుంచి లాక్టోబాసిల్లస్ లాక్టిక్ ఆమ్లం తయారుచేసి పీహెచ్‌ని 3.8, 4.5 మధ్య నిలబెడుతుంది. ఆ పులుపులో గార్డ్‌నెరెల్లా, ప్రివోటెల్లా లాంటివి పెద్దగా పెరగలేవు. లాక్టోబాసిల్లస్‌లోనూ క్రిస్పాటస్ రకం గట్టిది. ఐనర్స్ రకం ఎక్కువగా ఉన్నవాళ్ళు తొందరగా ఇన్ఫెక్షన్ వైపు జారతారు. వీర్యం, నెలసరి రక్తం పీహెచ్ 7 పైనే ఉంటుంది, మామూలు సబ్బుది 9, 10 దాకా పోతుంది. లోపల కడిగేకొద్దీ పులుపు పోతుంది, మంచి బాక్టీరియా కొట్టుకుపోతుంది, వాసన పెరుగుతుంది, వాసన వస్తోందని మళ్ళీ కడుగుతారు. "శుభ్రంగానే ఉంటా గదక్కా, నాకెందుకొచ్చింది?" అని ల్యాబ్‌కొచ్చే ఆడవాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. శుభ్రం తక్కువై వచ్చిన జబ్బు కాదమ్మా ఇది. పసుపు నీళ్ళు, పటిక, వేపాకు కషాయం, సువాసన వాష్‌లు ఏవీ లోపలికి పోకూడదు. బయట మంచినీళ్ళతో కడుక్కుంటే చాలు.

ఆ పులుపు పోతే హెచ్ఐవీ, గనేరియా, క్లమీడియా, హెర్పిస్ సోకే అవకాశం పెరుగుతుంది. గర్భిణులకు నెలలు నిండకముందే కాన్పు అయ్యే ముప్పు ఎక్కువ. గర్భస్రావం తర్వాత, గర్భసంచి ఆపరేషన్ తర్వాత లోపల చీము పట్టే ప్రమాదమూ ఉంది.

డాక్టరమ్మ రాసింది మెట్రోనిడజోల్ 400 మిల్లీగ్రాములు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, 7 రోజులు, అన్నం తిన్నాక. నోట్లో లోహపు చేదు, వికారం, మూత్రం ముదురు రంగు, ఇవన్నీ మందు వల్లే. వాసన రెండు మూడు రోజుల్లోనే తగ్గుతుంది, అక్కడ మాత్రం ఆపకూడదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫారిన్ వాడేవాళ్ళు ముందే చెప్పాలి, రక్తం మరీ పలచబడుతుంది. మాత్ర పడనివాళ్ళకి 0.75 శాతం మెట్రోనిడజోల్ జెల్ 5 రాత్రులు, లేదా 2 శాతం క్లిండమైసిన్ క్రీమ్ 7 రాత్రులు. ఆ క్రీమ్‌లోని నూనె కండోమ్‌ని బలహీనం చేస్తుంది. ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లలో (సుఖవ్యాధులకు, ఇలాంటి ఇన్ఫెక్షన్లకు చూసేచోట) ఆకుపచ్చ మందుల కిట్ ఉచితం. అందులో సెక్నిడజోల్ 2 గ్రాములు, ఫ్లూకొనజోల్ 150 మిల్లీగ్రాములు ఉంటాయి. కడుపుతో ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి, ఫ్లూకొనజోల్ వద్దంటారు.

కోర్సు అయ్యాక నాకు దురద మొదలైంది. యాంటీబయోటిక్ తర్వాత ఇది మామూలే. ఈసారి పీహెచ్ 4, స్లయిడ్ మీద ఫంగస్ తీగలు. ఫ్లూకొనజోల్ ఒక్క డోసుతో తగ్గింది. మెట్రోనిడజోల్ మళ్ళీ మింగి ఉంటే ఇంకా ముదిరేది. అందుకే పరీక్ష చేయించుకోమని పదేపదే అంటాను. తర్వాత చూసిన స్లయిడ్‌లో లాక్టోబాసిల్లస్ తిరిగొచ్చింది.

సగం మందికి పైగా ఏడాదిలోపు ఇది తిరగబెడుతుంది. గార్డ్‌నెరెల్లా గోడకి పొరలా అతుక్కుంటుంది, మందు దాని అడుగుదాకా పోదు. అలాంటివాళ్ళకి జెల్‌ని వారానికి రెండుసార్లు చొప్పున నెలల తరబడి రాస్తారు. భర్తకీ వైద్యం అవసరమని 2025లో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనం తేల్చింది. మగవాళ్ళకి మెట్రోనిడజోల్ మాత్రలు, అంగం మీద రాసే క్లిండమైసిన్ క్రీమ్ 7 రోజులు ఇస్తే 12 వారాల్లో తిరగబెట్టడం 63 శాతం నుంచి 35 శాతానికి తగ్గింది. డాక్టర్ దగ్గరికి ఇద్దరూ వెళ్ళండి. పెరుగు తినండి, మంచిదే, కానీ దాన్ని లోపల పెట్టొద్దు, పెరుగులోది క్రిస్పాటస్ కాదు.

జ్వరం, పొత్తికడుపు నొప్పి, కలిసినప్పుడు నొప్పి, నెత్తురు కలిసిన స్రావం ఉంటే గర్భసంచి, ట్యూబుల దాకా పాకి ఉండొచ్చు. అప్పుడు ఈ మందులు చాలవు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.