ఆ సూచికలో మోటుపల్లి లేదు

పదకొండు దాటింది. నిద్ర పట్టకపోవడానికి కారణం చెబితే మీరు నవ్వుతారని తెలిసినా చెప్పక తప్పడం లేదు. ఒక పుస్తకం చివర ఉన్న పదసూచికలో ఒక ఊరి పేరు లేదు, అంతే. ఆ మాట మావారితో అంటే, "చదవకుండానే తిట్టడం ఎప్పుడు నేర్చుకున్నావు?" అని అటు తిరిగి పడుకున్నారు. చదవలేదన్నది నిజమే. అందుకే ఇంకా ఒళ్లు మండుతోంది.

పెద్దవాడు నిన్న తన విశ్వవిద్యాలయ గ్రంథాలయం నుంచి ఆ పుస్తకాన్ని తెచ్చాడు. ఆసియా సముద్ర వాణిజ్య చరిత్ర మీద వచ్చిన ఆంగ్ల గ్రంథం. దిండు ఎత్తు ఉంటుంది. పేరు రాయను. రాస్తే ఇది సమీక్ష అయిపోతుంది, సమీక్షించే అర్హత నాకు ఇంకా రాలేదు. సోమవారంలోగా తిరిగి ఇచ్చేయాలట.

నేను పుస్తకాన్ని వెనక నుంచి మొదలుపెడతానని మీకు తెలుసు. కథల పుస్తకాన్ని అలా చదవడం అపచారమే కాని, పాండిత్య గ్రంథానికి సింహద్వారం వెనకవైపే ఉంటుందన్నది మా నాన్నగారి సిద్ధాంతం. సూచికను చూస్తే రచయిత ఎక్కడెక్కడ తిరిగాడో తెలుస్తుంది, పుటల అడుగున ఉండే అధోజ్ఞాపికలను చూస్తే ఎవరి భుజాల మీద ఎక్కి చూశాడో తెలుస్తుంది, ఆ తరువాతే మొదటి పుట. ఆ అలవాటు ప్రకారం ఈ సాయంత్రం వెనక పుటలు తెరిచి, ఎప్పటిలాగే ముందుగా మన తూర్పుతీరపు పాత రేవు మోటుపల్లి కోసం వెతికాను. మొంబాసా ఉంది, మొజాంబిక్ ఉంది, ఆ రెండింటి నడుమ మోటుపల్లి ఉండవలసిన చోట గాలి కూడా లేదు. సరే, తెలుగు అన్న మాటైనా ఉందేమో చూద్దామనుకున్నాను. టీ ఉంది, టేకు ఉంది, ఆ వెంటనే తెనాసరిం అనే బర్మా రేవు ఉంది. తాగే ఆకుకూ కోసే చెట్టుకూ దొరికిన చోటు మనకు దొరకలేదు. 'కోరమాండల్' అన్న మాట కింద మాత్రం పుటల సంఖ్యలు బారులు తీరి ఉన్నాయి. చోళమండలం అన్న మాటను ఐరోపా వర్తకులు తమ నోటికి అనువుగా మార్చుకుని, తూర్పుతీరం మీద చాలా దూరం పరిచేసిన సంగతి కొత్తది కాదు. ఇంగ్లీషువారు 1611లో వచ్చి దిగిన మచిలీపట్నాన్ని కూడా ఆ దుప్పటి కిందికే లాగారు. ఆనాటి కంపెనీ గుమాస్తా లెక్కల కోసం అలా రాసుకున్నాడంటే అర్థం చేసుకోగలను కాని, ఇన్నాళ్ల తరువాత, ఇంత శ్రమపడి రాసిన పుస్తకంలో కూడా అదే దుప్పటి ఎందుకు ఉండాలి? ఆ కోపంతోనే ఈ టపా మొదలుపెట్టాను. మొదటి ముసాయిదాలో ఇంకా చాలా ఉంది, తీసేశాను. ఎందుకు తీసేశానో చెబుతాను కాని, దానికి ముందు నాన్నగారి అట్టపెట్టె సంగతి చెప్పాలి.

ఆ పెట్టెను గురించి ఇదివరకు ఒకసారి ప్రస్తావించాననుకుంటాను, పూర్తిగా చెప్పలేదు. నాకు పన్నెండేళ్లప్పటి వేసవి సెలవులు. నాన్నగారి దగ్గర తెలుగువారి చరిత్ర మీద ఒక లావుపాటి తెలుగు పుస్తకం ఉండేది. ఎంత మంచి పుస్తకమో అంత కష్టపెట్టే పుస్తకం, ఎందుకంటే దానికి సూచిక లేదు. ఫలానా శాసనం సంగతి ఎక్కడో చదివామే అనుకుంటే అట్ట నుంచి అట్ట దాకా గాలించవలసిందే. ఆ ఏడు ఆయన విసిగిపోయి, తానే సూచిక తయారు చేస్తానని కూర్చున్నారు. పెళ్లి శుభలేఖల వెనకవైపు ఖాళీగా ఉంటుంది కదా, వాటిని వేలెడంత చీటీలుగా కత్తిరించి, రోజూ ఆఫీసు నుంచి రాగానే పుటకు పుట చదువుతూ, ఊరి పేరుకొక చీటీ, రాజు పేరుకొక చీటీ, పన్ను పేరుకొక చీటీ రాసేవారు. వాటిని అకారాదిగా పేర్చడం నా పని. పని కంటే తగవులే ఎక్కువ. 'క్ష'తో మొదలయ్యే పేర్లను 'క' గుణింతంలో చేర్చాలని ఆయన, బడిలో అక్షరమాల చివర నేర్పారు కనుక చివరనే ఉండాలని నేను. మూడు రోజులు మాటలు లేవు. నాలుగో రోజున అమ్మ ఫంకా వేయడంతో 'గ' నుంచి 'ద' దాకా నేల మీద పరుచుకుపోయింది, అవి ఏరుకోవడంలో రాజీపడిపోయాము. 'క్ష' మాత్రం ఆయన చెప్పిన చోటికే వెళ్లింది, అది వేరే సంగతి.

అలా ఏరుతున్నప్పుడు నా చేతికి వచ్చిన ఒక చీటీ మీద 'దేశియుయ్యకొండపట్టణం - చూ. మోటుపల్లి' అని ఉంది. పుట సంఖ్య లేదు. తప్పు చీటీ అనుకుని చించబోతే ఆయన చెయ్యి పట్టుకున్నారు. శాసనాలలో మోటుపల్లికి ఆ పేరు కూడా ఉందనీ, 'చూ.' అంటే 'చూడుము' అనీ చెప్పి, "అమ్మడూ, ఊరికి రెండు పేర్లుంటే రెండు చోట్లా చీటీ పెట్టాలి. వచ్చేవాడు ఏ గుమ్మంలోంచి వస్తాడో మనకేం తెలుసు?" అన్నారు. నాకు అప్పుడు అది చాదస్తంగా తోచింది. ఒకే ఊరికి రెండు చీటీలేమిటి, శుభలేఖలు తరిగిపోవడం లేదూ?

ఆ మాట ఈ రాత్రి ఎనిమిదిన్నరకు గుర్తుకు వచ్చింది. గుర్తుకు రాగానే పుస్తకాన్ని మళ్లీ తీసి, ఈసారి ఇతర గుమ్మాలలోంచి వెళ్లాను. 'ముట్ఫిలి' ఉంది! పదమూడో శతాబ్ది చివరలో మార్కో పోలో రాసిన పేరు అది. అది మోటుపల్లేనని ఆయన గ్రంథాన్ని ఆంగ్లంలోకి తెచ్చిన హెన్రీ యూల్ పందొమ్మిదో శతాబ్దిలోనే గుర్తించాడు. తరువాత 'జెంటూ' చూశాను, అదీ ఉంది. ఐరోపావారు తెలుగువారిని, తెలుగు భాషను అలా పిలిచేవారు. 'కెలింగ్' ఉంది. కళింగం నుంచి పుట్టిన ఆ మాటతో మలయా ప్రాంతంలో మన తూర్పుతీరం నుంచి వచ్చినవారిని పిలిచేవారు. మలక్కాలో ఆ పేరుతో ఒక పాత మసీదు నేటికీ నిలిచి ఉంది. 'కొరింగీ' కూడా ఉంది. కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కిన పాపానికి బర్మాలో తెలుగు కూలీలందరికీ స్థిరపడిపోయిన పేరు. అంటే ఈ పుస్తకంలో మనం లేకపోలేదు, నాలుగు మారుపేర్లతో నాలుగు మూలల్లో తలదాచుకున్నాము.

ముట్ఫిలి పుటలు చదివాక ముసాయిదాలో సగం కొట్టేశాను. ఈ రచయిత కాకతీయ రాజు గణపతిదేవుని మోటుపల్లి స్తంభ శాసనాన్ని శ్రద్ధగా చదివాడు. 1244-45 నాటి ఆ అభయశాసనాన్ని శాసన పండితుడు హుల్ష్ పరిష్కరించి, శాసనాలను అచ్చువేసే ఎపిగ్రాఫియా ఇండికా పన్నెండో సంపుటంలో ప్రకటించాడు. గాలివానలో చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైనవన్నీ మునుపటి రాజులు బలవంతంగా లాగుకునేవారనీ, ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని సముద్రయాత్రకు తెగించిన వర్తకులకు మాత్రం తాము దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నియమిత సుంకం మినహా అన్నీ విడిచిపెడుతున్నామనీ ఆ రాజు చెప్పుకున్నాడు. ఎగుమతి దిగుమతులపై సుంకం ముప్పయ్యింట ఒకటి. దయతోపాటు కీర్తి కోసం కూడా అని దాచకుండా చెప్పడం నాకు ఎప్పుడూ నచ్చుతుంది. సాలెగూడులా సన్నగా ఉండే ఇక్కడి వస్త్రాలను గురించి మార్కో పోలో రాసినది, ఏలుతున్న రాణిని ఆయన చనిపోయిన రాజు భార్య అనుకోవడం, ఆమె నిజానికి గణపతిదేవుని కూతురు రుద్రమదేవి కావడం, అన్నీ ఆ రెండు పుటల్లో, ఒక్క మాట వృథా కాకుండా ఉన్నాయి. తెలుగులో నేను చదివిన అనేక వర్ణనల కంటే ఇది శుభ్రంగా ఉందని ఒప్పుకోవడానికి నాకు కొంత సమయం పట్టింది.

అయినా కోపం పూర్తిగా పోలేదు. నా ఊరిని నేను కనుక్కోవాలంటే, ఏడువందల ఏళ్ల కిందట ఒక వెనిస్ వర్తకుడికి అది ఎలా వినిపించిందో నాకు తెలిసి ఉండాలా?

ఇక్కడిదాకా రాసి, ఇదే ముగింపు అనుకున్నాను. కాని నాన్నగారి పుస్తకం బీరువాలోంచి తీసి, ఆ చీటీల ఆధారంగా వెనక ఖాళీ పుటల్లో ఆయన పెన్సిలుతో రాసుకున్న సూచికను చూస్తుంటే 'త' దగ్గర 'తరుణాసీరి' కనిపించింది. శ్రీనాథుని మాట. అవచి తిప్పయ్యసెట్టికి హరవిలాసాన్ని అంకితమిస్తూ ఆ వర్తక కుటుంబం ఏ దేశం నుంచి ఏ సరుకు తెప్పించేదో కవి వర్ణించాడు: సింహళం నుంచి ఏనుగులు, హురుముంజి నుంచి గుర్రాలు, చీనా నుంచి పట్టు. ఈ హురుముంజి పారశీక సింధుశాఖ ముఖద్వారంలోని హార్ముజ్. ఈ తరుణాసీరి, సాయంత్రం టేకు పక్కన కూర్చుని నాకు అంత మంట పుట్టించిన తెనాసరిమ్మే! బర్మా తీరపు రేవును తీసుకొచ్చి, అందులో ఒక తరుణినీ ఒక సిరినీ కూర్చి, పద్యంలో కుదిరేలా చేసి మనం ఆరువందల ఏళ్లుగా ఆనందిస్తున్నాము. అక్కడివారెవరైనా తమ ఊరి కోసం మన పుస్తకాలలో వెతికితే వారి గతి ఏమిటి? ముట్ఫిలిని తప్పు పట్టిన నోటితోనే తరుణాసీరిని ఎంత చక్కని మాటో అని మొన్ననే మెచ్చుకున్నాను.

ఈ పేర్ల గొడవ ఒక ఊరితో పోయేది కాదు. శ్రీవిజయం అనే రాజ్యం ఒకటి ఉండేదని ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో పండితులకు తెలియదు. సుమత్రా పక్కనున్న బంకా దీవిలో దొరికిన 686 నాటి కోట కపూర్ శాసనంలో ఆ మాట ఉంటే అది రాజు పేరనుకున్నారు. ఏడో శతాబ్దిలో అక్కడ ఆగిన యీజింగ్ వంటి చీనా యాత్రికుల రాతల్లో 'షి-లి-ఫో-షి' అని ఉంటే, అరబ్బుల రాతల్లో 'స్రిబుజా' అని ఉంది. 1918లో ఫ్రెంచి పండితుడు జార్జి సెదేస్ ఇవన్నీ ఒకచోట పెట్టి చూసి, అది సుమత్రాలోని పాలెంబాంగ్ కేంద్రంగా వర్ధిల్లిన రాజ్యమని తేల్చాడు. పేర్లన్నీ అంతకుముందే అచ్చులో ఉన్నాయి, ఒకదాని నుంచి మరొకదానికి దారి చూపే చీటీ మాత్రమే లేదు. సెదేస్ అనగానే పెద్ద సిద్ధాంతాలు గుర్తుకు తెచ్చుకునేవారికి నా మాట చిన్నచూపుగా తోచవచ్చు కాని, నాకు ఆ వ్యాసం మహా గొప్ప 'చూ.' లాగా కనిపిస్తుంది.

మన పుస్తకాల సంగతి ఎత్తితే మళ్లీ కోపమే. జీవితమంతా ధారపోసి రాసిన తెలుగు చరిత్ర గ్రంథాలకు చివర ముద్రణ దోషాల పట్టిక తప్ప ఏమీ ఉండకపోవడం నా చిన్నప్పుడూ చూశాను, ఇప్పుడూ చూస్తున్నాను. సూచిక ఉండి ఒక పేరు లేదని ఒకరిని తిట్టే ముందు, సూచికే లేని నావాళ్లను ఏమనాలి? ఏమీ అనలేను, వారి పుస్తకాలే నా బీరువా నిండా ఉన్నాయి.

నాన్నగారి సూచికలో 'హార్ముజ్ - చూ. హురుముంజి' అని ఉంది. 'తెనాసరిం - చూ. తరుణాసీరి' అనీ ఉంది. ఉంటుందని నమ్మకంతో 'ము' దగ్గర వెతికితే ముట్ఫిలి మాత్రం లేదు. ఆయనకు మార్కో పోలో తెలియక కాదు, ఇంట్లో ఎన్నోసార్లు చెప్పేవారు. బహుశా ఆ గుమ్మంలోంచి మన ఇంటికి ఎవరూ రారనుకుని ఉంటారు.

గ్రంథాలయం పుస్తకం మీద గీత పెట్టడం మా ఇంట్లో నిషిద్ధం. అందుకని మేనమామ కొడుకు పెళ్లి శుభలేఖ వెనకవైపు వేలెడంత కత్తిరించి 'మోటుపల్లి - చూ. ముట్ఫిలి' అని రాసి, మొంబాసా, మొజాంబిక్ ఉన్న పుటలో పెట్టాను. పెట్టాక గాని తోచలేదు, తరువాత తెరిచేవారికి తెలుగు రావాలి కదా అని. సరేనని అదే చీటీ మీద ఇంగ్లీషు అక్షరాలలో రాయబోతే, చివర 'ఐ' (I) పెట్టాలా, యూల్ రాసినట్టు 'ఇ' (E) పెట్టాలా అన్న ప్రశ్న వచ్చింది. రెండూ రాద్దామంటే చోటు చాలడం లేదు. కత్తెర వంటగదిలో ఉంది, వెళ్తే మావారు లేస్తారు.