మా 407 మీటర్ బోర్డు బల్బుల పని: ఇప్పటిదాకా అయినది

శనివారం, కె.ఆర్.పురం, బెంగళూరు

తాళం తిప్పి ఆన్‌లో పెట్టగానే, ఇంకా సెల్ఫ్ కొట్టకముందే, మీటర్ బోర్డులో బ్యాటరీ లైటు, ఆయిల్ లైటు, హ్యాండ్ బ్రేకు లైటు మూడూ వెలగాలి. మా టాటా 407 చిన్న లారీలో హ్యాండ్ బ్రేకుది ఒక్కటే వెలుగుతోంది. ఎడమ ఇండికేటర్ వేస్తే బయట లైట్లు కొట్టుకుంటాయి, లోపల బాణం మాత్రం నల్లగానే ఉంటుంది. రాత్రి పూట స్పీడు ముల్లు కనిపిస్తుంది, డీజిల్ ముల్లు కనిపించదు. బ్రేకులు, క్లచ్చి పని పోయిన నెలలోనే ముగిసింది కాబట్టి ఇప్పుడు ఈ బోర్డు పట్టుకున్నాను.

టాటా వాళ్లు 407ను 1986లో తెచ్చారు. మాది తొంభైల్లో కొన్న బండి. మదనపల్లె నుంచి చింతామణి, హొసకోట మీదుగా బెంగళూరుకు మా నాయన టమాటా తోలింది దీంట్లోనే. బాడుగలు మానేశాక అమ్మనివ్వకుండా నేను ఇక్కడికి తెచ్చుకున్నాను. సెలవు దొరికినప్పుడల్లా దీని పనే. నాయన నాకు స్టీరింగు ఇవ్వకముందే నేర్పిన మాట ఒకటుంది: "లైటు ముందు వెలగాల, తర్వాత ఆరాల. వెలగనిదాన్ని ఆరిందనుకోవద్దు." బండి నడుస్తున్నప్పుడు ఎర్ర లైటు లేకపోతే అంతా బాగున్నట్టే అనిపిస్తుంది. బల్బు పోయినా కనిపించేది అదే చీకటి. అందుకే ఈ పనిని నేను సోకు కింద లెక్కవేయను.

బోర్డు విప్పడం

ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయాలి. బోర్డు వెనక తాళంతో పనిలేకుండా ఎప్పుడూ కరెంటు ఉండే వైర్లు కూడా ఉంటాయి, స్క్రూడ్రైవర్ తగిలితే ఫ్యూజు ఎగురుతుంది. ముందున్న స్క్రూలు వచ్చాక బోర్డును గుంజకూడదు. స్పీడోమీటర్ కేబుల్ దాన్ని వెనక నుంచి పట్టుకుని ఉంటుంది. చేయి లోపలికి పోనిచ్చి, గరుకు గీతలున్న నట్టును వేళ్లతోనే వదులు చేయాలి. ఆ తర్వాత కనెక్టర్లు. పీకేముందు ఫోనులో ఫొటోలు తీసి, ఒక్కోదానికి తెల్ల టేపు చుట్టి నంబరు రాశాను.

లోపల ఒక మూల కందిరీగ కట్టిన మట్టి గూడు, మిగతా అంతా చింతామణి దారిలో ఎక్కిన ఎర్ర దుమ్ము. మెత్తటి పెయింటు బ్రష్షుతో దులిపాను. మా బండి బోర్డు వెనక సన్నటి ప్లాస్టిక్ రేకు, దాని మీద రాగి గీతలు. బల్బు హోల్డరును పావు చుట్టు తిప్పితే ఊడి వస్తుంది, హోల్డరు చెవులు రెండూ ఆ రాగి గీతలను నొక్కుకుని కూర్చుంటాయి.

బల్బులన్నీ తెల్ల గుడ్డ మీద వరసగా పెట్టి చూశాను. కాలిపోయిన వాటి గాజు లోపలంతా బూడిద రంగు అద్దం పూత. ఫిలమెంటు లోని టంగ్‌స్టన్ ఏళ్ల తరబడి ఆవిరై గాజుకు పట్టిన మసి అది. డీజిల్ మీటరు వెనక బల్బు మాత్రం వేరే కథ చెప్పింది. మిగతావన్నీ 1.2 వాట్లవైతే, అక్కడ ఎవరో 5 వాట్లది ఇరికించారు. ఆ వేడికి హోల్డరు ఒక పక్క కరిగి వంగింది, రేకు బొబ్బలెక్కింది, ముందున్న ఆకుపచ్చ ఫిల్టరు మధ్యలో గోధుమ రంగుకు తిరిగింది. వెలుతురు చాలడం లేదని వాట్లు పెంచితే జరిగేది ఇదే. వెలుతురు తగ్గేది ఎక్కువగా దుమ్ము వల్ల, ఎర్త్ (కరెంటు బండి బాడీ గుండా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే దారి) సరిగా లేకపోవడం వల్ల. ముందు ఆ రెండూ చూసుకోవాలి.

జేసీ రోడ్డు, ఎస్పీ రోడ్డు

బల్బుల కోసం బెంగళూరులో బండ్ల సామాన్లు అమ్మే జేసీ రోడ్డుకు వెళ్లాను. పాత బల్బును చేతిలో పట్టుకునే వెళ్లాలి, పేరు చెప్తే నాలుగు రకాలు ముందు పెడతారు. ఇత్తడి టోపీ లేకుండా అడుగు చదునుగా ఉండే గాజు బల్బుల్లో లావుది టీ10, సన్నది టీ5. కౌంటరు మీదే అంచున రాసింది చదువుకోవాలి. పెద్ద లారీలవి 24 వోల్టులవి, అవీ ఇవీ ఒకే డబ్బాలో కలిసిపోయి ఉంటాయి. 24 వోల్టుల బల్బును 12 వోల్టుల బండిలో పెడితే నిప్పుకణికలా ఎర్రగా మినుకుమంటుంది, మనమేమో వైరింగులో తప్పు వెతుక్కుంటూ కూర్చుంటాం.

షాపాయన "అన్నా, అన్నీ ఎల్ఈడీ వేసేయండి, జన్మలో మళ్లీ విప్పే పని లేదు" అన్నాడు. మీటర్ల వెలుతురుకైతే వేసుకోవచ్చు. బ్యాటరీ లైటుకు వద్దన్నాను. ఎందుకో కొంచెం వివరంగా రాస్తాను, ఎక్కువ మంది ఇబ్బంది పడేది ఇక్కడే.

ఇంజనుతో పాటు తిరుగుతూ బ్యాటరీని చార్జి చేసేది ఆల్టర్నేటర్. ఇలాంటి పాత ఆల్టర్నేటర్లలో బ్యాటరీ లైటు ఉత్త దీపం కాదు, చార్జింగు సర్క్యూట్‌లో ఒక భాగం. తాళం నుంచి వచ్చే కరెంటు బల్బు గుండా ఆల్టర్నేటర్ రోటరు (లోపల తిరిగే భాగం) వైరు చుట్టలోకి వెళ్లి ఎర్త్ అవుతుంది. ఆ కాస్త కరెంటే రోటరును అయస్కాంతం చేసి చార్జింగును మొదలుపెడుతుంది. మొదలయ్యాక ఆల్టర్నేటర్ వైపు కూడా బ్యాటరీ అంత వోల్టేజి వస్తుంది, బల్బుకు రెండు పక్కలా సమానమై ఆరిపోతుంది. 12 వోల్టుల 2 వాట్ల బల్బు గుండా వెళ్లేది సుమారు 0.17 ఆంపియర్లు. ఎల్ఈడీ అందులో చిన్న వంతే పోనిస్తుంది, రోటరుకు అది చాలకపోవచ్చు. తప్పదనుకుంటే దాని పక్కన సమాంతరంగా 68 ఓముల 5 వాట్ల రెసిస్టరు వేయాలి. అంతకంటే మామూలు బల్బే మేలు. ఎడమ కుడి ఇండికేటర్లకు రెండింటికీ కలిపి ఒకే బల్బున్న బోర్డుల్లోనూ మామూలు ఎల్ఈడీ ఒక పక్కకే వెలుగుతుంది, ఎందుకంటే పక్క మారితే ప్లస్ మైనస్ తారుమారవుతాయి.

ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డులో, తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాలు తీసుకున్నాను. పెన్సిల్ రబ్బరు ఇంట్లోనే ఉంది.

ఆదివారం

రాగి గీతల మీద పచ్చగా పట్టిన చిలుమును రబ్బరుతో మెల్లగా రుద్ది, ఆల్కహాలుతో తుడిచాను. గరుకు కాగితం వాడితే రాగి పలచబడుతుంది. హోల్డరు చెవులను వెంట్రుకవాసి పైకి వంచాక పట్టు బిగిసింది. ఎడమ బాణం బల్బు బాగానే ఉంది, రాగి గీతే తెగింది. రేకు మీద సోల్డరింగు పెడితే కరిగిపోతుంది కాబట్టి, హోల్డరు నుంచి కనెక్టరు పిన్ను దాకా సన్న వైరు విడిగా లాగాను. బొబ్బలెక్కిన చోటుకు వేరే హోల్డరు, 1.2 వాట్ల బల్బు.

బోర్డును స్క్రూలతో బిగించకముందే కనెక్టర్లు పెట్టి, ఎర్త్ వైరు కలిపి, తాళం ఆన్ చేసి చూశాను. బ్యాటరీ లైటు నిండుగా వెలిగింది. ఇంజను అందుకోగానే ఆరింది, బ్యాటరీ కొనల మధ్య మల్టీమీటరు 14.1 వోల్టులు చూపించింది. ఇదివరకు ఒకసారి యాక్సిలేటరు గట్టిగా తొక్కితే తప్ప 12.4 దగ్గరే నిలిచేది. పొద్దున పూట సెల్ఫ్ నీరసంగా తిరగడానికి కారణం బ్యాటరీ అనుకుంటూ వచ్చాను. నాయనకు ఫోను చేసి చెప్తే, "బ్యాటరీ మారుస్తానంటివే, బల్బుతో పోయింది కదా" అని మురిసిపోయాడు.

ఆయిల్ లైటు కొత్త బల్బు పెట్టినా వెలగలేదు. ప్రెషర్ స్విచ్చి వైరు ఊడదీసి, తాళం ఆన్‌లో ఉంచి, వైరు కొనను ఇంజను బాడీకి తాకిస్తే వెలిగింది. అంటే బల్బు, వైరు రెండూ బాగున్నాయి, పోయింది స్విచ్చి. ప్రెషరు లేనప్పుడు ఆ స్విచ్చి వైరును ఎర్త్ చేయాలి, ప్రెషరు రాగానే వదిలేయాలి. దాని ఎర్త్ మరల గుండానే అందుతుంది, కాబట్టి టెఫ్లాన్ టేపు మందంగా చుట్టకూడదు. కొత్తది బిగించాక మూడు లైట్లూ వెలిగాయి, ఇంజను అందుకున్నాక బ్యాటరీదీ ఆయిల్‌దీ ఆరాయి, హ్యాండ్ బ్రేకు దించితే అదీ ఆరింది.

మిగిలినవి: ఆయిల్ లైటు ఎర్ర ఫిల్టరు వెలిసి గులాబీ రంగైంది, పగటి వెలుగులో సరిగా తెలియడం లేదు, పాత సామాన్ల అంగళ్లలో వెతకాలి. హై బీమ్ నీలం లైటుకు 2 వాట్లు వేశాను, రాత్రి కళ్లల్లో పొడుస్తోంది, 1.2 వాట్లది పెట్టాలి. బోర్డు మళ్లీ బయటికి వస్తుంది కాబట్టి అప్పుడే స్పీడోమీటర్ కేబుల్‌కు గ్రీజు కూడా.