కవరు నిండా మాత్రలు, ఒక ఫ్యామిలీ మెడిసిన్ సీటు

"ర్యాంకు సరిగ్గా రాలేదా అమ్మా?"

సీటొచ్చిందని చెప్పగానే మా పెదమావయ్య అడిగిన మొదటి మాట ఇది. ఆయన లెక్కలో పీజీ అంటే రేడియాలజీ, లేదంటే గుండె, అదీ కాకపోతే ఎముకలు. "ఫ్యామిలీ మెడిసినంటే దేనికి చూస్తారేటి?" అన్నారు. అన్నిటికీ మావయ్యా అన్నాను. "ఆ మాత్రం మన ఆర్‌ఎంపీ గారు చూడట్లేదా?"

కోపం రాలేదు. మా కోనసీమ ఊళ్లలో అర్ధరాత్రి పిల్లాడికి జ్వరమొస్తే తట్టేది ఆయన తలుపే. చదువుకున్న డాక్టరు అక్కడ లేకపోబట్టే కదా ఆ కుర్చీ ఆయనది అయింది.

కాకినాడ రంగరాయలో చదివాను. ఇంటర్న్‌షిప్‌లో కమ్యూనిటీ మెడిసిన్ కింద కొన్నాళ్లు పీహెచ్‌సీకి వేశారు. అక్కడికి ఒకావిడ బట్టల కొట్టు కవరు పట్టుకొని వచ్చింది. పొద్దున్నే లేవగానే కళ్లు తిరుగుతున్నాయంది. కవరు బల్లమీద బోర్లించి స్ట్రిప్పులన్నీ వరసగా పేర్చాను. బీపీకి అమలాపురంలో రాసింది ఒకటి, కాకినాడలో రాసింది ఇంకొకటి. పేర్లు వేరు, రంగులు వేరు, వెనక చిన్నక్షరాల్లో చూస్తే రెండూ టెల్మిసార్టానే. కళ్లు తిరుగుతున్నాయంటే మూడో డాక్టరు బీటాహిస్టిన్ కలిపారు. కూర్చోబెట్టి చూస్తే పై బీపీ 110, నిలబెడితే 86. మెడికల్ ఆఫీసరుగారికి చూపిస్తే ఒక బీపీ మాత్ర ఆపేశారు, బీటాహిస్టినూ అక్కర్లేదన్నారు. వారానికి మళ్లీ వచ్చి, "ఇప్పుడు వంగుని ముగ్గెట్టుకుంటున్నానండి" అంది.

ఆ ముగ్గురిలో ఎవర్నీ తప్పు పట్టలేం, ఎవరి చీటీ వాళ్లు బాగానే రాశారు. కవరు మొత్తం విప్పి చూసే మనిషే లేరు. నేను ఏ పీజీ చేయాలో ఆ రోజే తేలిపోయింది, పైకి చెప్పే ధైర్యం రాలేదు గానీ.

నీట్ పీజీ 2024 జూన్ 23న. కొబ్బరి దింపు కూలీలను మధ్యలో వదిలేసి నాన్న నాతో రాజమండ్రి వచ్చారు. ముందురోజు రాత్రి లాడ్జిలో పడుకోబోతుంటే పరీక్ష వాయిదా అని మెసేజీలు! నాన్న నమ్మలేదు, ఎవడో ఆకతాయి పని అన్నారు. చివరికి ఆగస్టు 11న రాశాను. 200 ప్రశ్నలు, ఐదు భాగాలు, భాగానికి 42 నిమిషాలు. గడువైపోతే వెనక్కెళ్లి దిద్దుకునే వీల్లేదు, తప్పుకి ఒక మార్కు కోత. నాకు బాగా తగిలింది రెండో భాగమే, దాని గురించి ఇంక రాయను.

కౌన్సెలింగ్‌లో సీట్లకి ఆప్షన్లు పెట్టే రాత్రి స్నేహితురాళ్లంతా ఫోన్లో. "నైట్ డ్యూటీల్లేని సబ్జెక్టు చూసుకోవే" అని ఒకరు. నేను నేషనల్ బోర్డువాళ్లిచ్చే డీఎన్‌బీ ఫ్యామిలీ మెడిసిన్ పైన పెట్టాను. మూడేళ్లు, ఎండీతో సమానం. అదే బోర్డువాళ్ల రెండేళ్ల డిప్లొమా దాని కింద. మొదటి రౌండులో ఉత్తరాదిన ఎక్కడో వచ్చింది, చేరలేదు. మనిషి చెప్పే బాధ అర్థం కాకుండా ఈ సబ్జెక్టు ఎలా నేర్చుకోవడం? మొదటి రౌండులో వదులుకుంటే డిపాజిట్టు పోదు, రెండో రౌండులో వచ్చింది వదిలితే పోతుంది. డిసెంబరులో రెండో రౌండులో విశాఖ వచ్చింది.

అసలు నరకం సర్టిఫికెట్టు. మన రాష్ట్రం ఇచ్చే బీసీ కాగితం కేంద్రం కౌన్సెలింగ్‌లో చెల్లదు, కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్-క్రీమీలేయర్ కావాలి. ఒక ఆఫీసులో, "బీసీ అన్నా ఓబీసీ అన్నా ఒకటేనమ్మా" అని రెండుసార్లు అదే కాగితం చేతిలో పెట్టారు. మూడోసారి నమూనా ప్రింటు తీసి ఎదురుగా పెట్టాను. సంతకం పడేసరికి రైలుకి నాలుగు గంటలు. ఆప్షన్లు పెట్టక ముందే ఈ కాగితం చేతిలో ఉంచుకోండి, నాలా చేయకండి.

చేరాక మా పిన్ని అడిగింది, 104 బండిలో ఊళ్లకొచ్చే ఉద్యోగమా అని. 2023లో రాష్ట్రం పెట్టిన ఫ్యామిలీ డాక్టర్ కార్యక్రమం పేరు అందరి నోళ్లలో అలా ఉండిపోయింది. అది పథకం పిన్నీ, ఇది చదువు అని చెప్పాను. నమ్మినట్టే తలూపింది.

ఇప్పుడు పిల్లల వార్డులో ఉన్నాను. తర్వాత ప్రసూతి, ఆ తర్వాత సర్జరీ. థీసిస్‌కి మందుల కవర్ల సంగతి చెబితే, ముందు ఓపీకి ఎంతమంది పాత మందులు తెస్తున్నారో లెక్కెట్టు అన్నారు గైడుగారు. చీటీ మీద గీతలు గీస్తున్నాను. తేనివాళ్లకి ఈసారి ఇంట్లో ఉన్నవన్నీ పట్టుకు రండని చెప్పి పంపుతున్నా. మొన్న ఒకాయన బియ్యం సంచితో దిగారు.