నిన్నటి నా మాట
మా ఆఫీసులో టీమ్‌ను రెండుగా విడదీసి ఆరు నెలలైంది. పక్కపక్కన కూర్చుని పనిచేసిన మేమే ఇప్పుడు "వాళ్లు", "మనం" అంటున్నాం. నిన్న నా నోటి నుంచే ఆ మాట వచ్చింది. రాత్రంతా నిద్ర పట్టలేదు.

టాంజానియాలోని గోంబే అడవిలో శాస్త్రవేత్త జేన్ గుడాల్ గమనించిన చింపాంజీలు గుర్తొచ్చాయి. ఒకే గుంపు కసకేలా, కహామా అని రెండుగా చీలింది. 1974 నుంచి 1978 దాకా కసకేలా గుంపులోని మగ చింపాంజీలు, ఒకప్పుడు తమతో కలిసి తిరిగినవాటినే, ఒంటరిగా దొరికినప్పుడు చుట్టుముట్టి చంపాయి. చివరికి కహామా గుంపే మిగల్లేదు. పరాయివి కావు, బాగా తెలిసినవే! నన్ను వణికించేది అదే.

1954లో మనస్తత్వ శాస్త్రవేత్త ముజఫర్ షెరీఫ్ చేసిన ప్రయోగంలో మాత్రం, గొడవపడ్డ రెండు పిల్లల జట్లు నీళ్ల సమస్య లాంటి పనుల్లో చేయి కలిపి మెల్లగా దగ్గరయ్యాయి. మాకూ కలిసి పూర్తిచేయాల్సిన పని ఒకటుంది. రేపు నేనే వెళ్లి అడుగుతాను.