హన్మకొండకు 12 గంటలు

మా అత్తగారిది హన్మకొండ. పెళ్లయి పద్నాలుగేళ్లు, హైదరాబాద్ నుంచి ఆ రోడ్డు మీద ఎన్నిసార్లు వెళ్లొచ్చానో లెక్కలేదు. బీబీనగర్, భువనగిరి, ఆలేరు, పెంబర్తి, జనగామ అన్నీ నాకు బోర్డుల మీది పేర్లే. మధ్యలో ఒక చాయ్, అంతే. మొన్న జనవరిలో మా ఆవిడ, "ఈసారి పొద్దున ఏడింటికే బయల్దేరదాం. బుద్ధి పుట్టిన చోట ఆగుదాం. చీకటి పడేలోపు చేరితే చాలు" అంది. సరే అన్నాను.

బీబీనగర్ దగ్గర హైవే వదిలి కుడికి తిరిగి పోచంపల్లి వెళ్లాం. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఇక్కడికొచ్చినప్పుడు దళిత కుటుంబాలు 80 ఎకరాలు అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అలా మొదలైంది. ఊరి పేరు ముందు 'భూదాన్' చేరింది అందుకే.

ఒక సందులో మగ్గం చప్పుడు వినిపించి తొంగి చూశాం. "లోపలికి రండ్రి" అంది ఒక పెద్దమ్మ. గోడకు ఆనించి చెక్క ఫ్రేము ఉంది. ఒక కొసన ఒకటే మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. దారాన్ని అటూ ఇటూ తిప్పుతూ ఒక్కో మేకుకీ వెయ్యాలి. ఆసు పోయడం అంటే అదే. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు తిరగాలి. "భుజం గుంజుతది బిడ్డా. ఇప్పుడు మిషిన్ పోస్తది, నేను చూసుకుంట కూసుంట" అని నవ్వింది. ఆలేరు దగ్గరి శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశం, అమ్మ భుజం నొప్పి చూడలేక తయారుచేసిన మిషిన్ అది. దానికి ఆమె పేరే పెట్టారు, లక్ష్మి అని. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఆసు పోశాక చిటికి కట్టడం. గీసుకున్న డిజైన్ ప్రకారం దారాలకు రబ్బరు ముక్కలు బిగించి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు అంటదు. అంటే మగ్గం ఎక్కకముందే పువ్వు దారంలో ఉంటుంది. నేసేటప్పుడు పోగు కాస్త జరిగినా పువ్వు చెదురుతుంది. అందుకే పెద్దమ్మ కొడుకు నాడె (అడ్డపోగును మోసుకెళ్లే కొయ్య) విసిరిన ప్రతిసారీ ఆగి, వేలితో పోగు సర్దుతున్నాడు. చూస్తున్న మాకే ఓపిక పోయింది.

మా ఆవిడ ఒక దుప్పటి తీసుకుంది. పెద్దమ్మ దాన్ని తిరగేసి చూపించింది. "రెండు దిక్కులా ఒక్కతీరు ఉండాలె. వెనక వెలిసినట్టుంటే అచ్చేసింది." మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. రెండేళ్ల కిందట హైవే పక్క ఒక షాపులో 'పోచంపల్లి' అని చెప్తే కొని అత్తగారికి ఇచ్చాం ఒకటి.

భువనగిరిలో ఏకశిల మీద కోట ఉంది. కింద నుంచే చూసి దండం పెట్టాను. మోకాళ్లు ఒప్పుకోలేదు, ఎండ సాకు దొరికింది.

ఆలేరులో ఎడమకు తిరిగి ఆరేడు కిలోమీటర్లు వెళ్తే కొలనుపాక. జైన మందిరం లోపల పాలరాతి చల్లదనం, పచ్చరాతి మహావీరుడు. బాగుంది, కానీ నన్ను ఆపింది సోమేశ్వరాలయం. చాళుక్యుల నాటి గుడి. ఆవరణ నిండా పాత శిల్పాలు. ఒక నంది పక్కన ఎవరో చెప్పులు విడిచి, నీడలో నిద్రపోతున్నారు.

పెంబర్తి చేరేసరికి నాలుగు. ఒక ఇంటి ముందు ఇత్తడి రేకు మీద సన్నటి ఉలితో మకరతోరణం చెక్కుతున్నారు. రేకు కింద నల్లటి లక్క ముద్ద. దెబ్బకు రేకు చినగకుండా అది మెత్తగా లోపలికి జరుగుతుందట. ఓ గుడి ద్వారానికి తొడుగు అది. పావుగంట చూస్తే మొసలికి ఒక కన్ను వచ్చింది. రెండోది రేపు అన్నాడాయన.

హన్మకొండ చేరేసరికి ఏడు దాటింది. "పొద్దుగాల బయల్దేరి ఇప్పుడా వచ్చుడు?" అంది అత్తయ్య, పళ్లెం పెడుతూ. మా ఆవిడ వినిపించుకోలేదు. తిన్నగా లోపలి గదిలోకి వెళ్లి, మంచం మీది దుప్పటి మూల పట్టుకుని తిరగేసింది. వెనకంతా వెలవెల.