రానక్కర్లేదు

పది దాటింది. కరెంటు ఉంది, దోమలూ ఉన్నాయి, నిద్రే లేదు. కారణం చెబితే నవ్వుతారు. చిన్నదాని ఇంగ్లిష్ నోటుపుస్తకంలో నేను దగ్గరుండి రాయించిన తప్పు.

ఖాళీలు పూరించమన్నారు. చెప్పులతో గుడిలోకి వెళ్లడం గురించి ఒక వాక్యం, ఆదివారం బడికి వెళ్లడం గురించి ఇంకొకటి. 'మస్ట్' అంటే తప్పనిసరి, పక్కన 'నాట్' చేరితే తప్పనిసరి కాదు, అంతే కదా అని తాలింపు వేస్తూ చెప్పేశాను. చిన్నది అక్కడ 'మస్ట్ నాట్' పెట్టి, ఆదివారం బడికి వెళ్లడమే నిషేధమని రాసిపెట్టింది. అది పడుకున్నాక సంచి సర్దుతుంటే కంటపడింది.

అసలు నా లెక్కలో తప్పేముంది? 'మస్ట్', 'హావ్ టు' మామూలప్పుడు అన్నదమ్ముల్లా దాదాపు ఒకే మాట మీద ఉంటాయి. మధ్యలో 'నాట్' వచ్చి కూర్చోగానే వాటాలు తేల్చుకుని విడిపోతాయి. 'మస్ట్ నాట్' కూడదంటుంది, 'డోంట్ హావ్ టు' అక్కర్లేదంటుంది. ఇక 'ఇంట్లోనే ఉండి ఉంటాడు' అనడానికి వాడే 'మస్ట్'కు వ్యతిరేకంగా మామూలుగా 'కాంట్' వస్తుందట! జర్మన్‌లో 'మ్యుస్సెన్'కు 'నిష్ట్' చేరిస్తే అక్కర్లేదనే అర్థమని తమ్ముడు ఎప్పుడో చెప్పాడు. వాళ్లు నా పక్షమే. మనకైతే ఈ గొడవే లేదు. అలిపిరిలో 3,550 మెట్లూ ఎక్కనక్కర్లేదు, బస్సుంది. గుడిలోకి ఫోను మాత్రం తీసుకెళ్లకూడదు. ఎంత స్పష్టం!

ఇదే తప్పు నాన్న కూడా చేశారు. అమ్మ కడుపు స్కాను చీటీ విషయంలో. మొత్తం ఇంగ్లిష్, తిండి దగ్గర 'మస్ట్ నాట్' అని ఉంది. చంద్రగిరి ఇంటి అరుగు మీద కూర్చుని, కళ్లద్దాలు తుడుచుకుని మరీ చదివి, "తినాలని నిర్బంధం లేదట. నీరసమైతే రెండు తిను" అన్నారు. అమ్మ రెండు ఇడ్లీలు తింది. బస్సులో తిరుపతి వచ్చి, ఇనుప కుర్చీల్లో రెండు గంటలు కూర్చున్నాం. తీరా పిలిచాక, ఏమైనా తిన్నారా అని అడిగిన అమ్మాయి జవాబు వినగానే హాలంతా వినబడేలా, "అంత వివరంగా రాసిస్తే చదవడం రాదా?" అంది. తలలన్నీ ఇటు తిరిగాయి. రోజూ ఇంగ్లిష్ పేపరు పెన్సిల్ పట్టుకుని చదివే మనిషి ఆ చీటీని నాలుగు మడతలు, ఎనిమిది మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. తిరుగు ప్రయాణంలో కిటికీ వైపే చూస్తూ కూర్చున్నారు.

ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కొండ మీది బోర్డుల్లో తమిళం, కన్నడం, హిందీ కూడా కనిపిస్తాయి. స్కాను కోసం ఆకలితో కూర్చున్న మనిషికి 'ఏమీ తినవద్దు' అని తెలుగులో ఒక ముక్క రాయడానికి ఎంత సిరా ఖర్చవుతుంది? మొదట ఆ అమ్మాయి మీద కోపం. తర్వాత చీటీ అచ్చు వేయించినవాళ్ల మీద. నిజం చెప్పాలంటే కొంచెం నాన్న మీద కూడా.

మళ్లీ వెళ్లాల్సిన రోజు పొద్దున అమ్మ, "మీరు రానక్కర్లేదు, పాప వస్తుంది" అంది. పాప అంటే నేనే. నాన్న వేసుకున్న చొక్కా విప్పి కొక్కేనికి తగిలించారు.

ఇక్కడే ఆగిపోయాను. అమ్మ అన్నది అక్కర్లేదు, నాన్నకు వినబడింది కూడదు. మన మాటలు అంత స్పష్టమని ఇందాక మురిసిపోయానే! ఎవరితోనైనా కోపంగా 'మా గడప తొక్కనక్కర్లేదు' అంటే, ఇష్టమైతే తొక్కవచ్చని అర్థమా?

సీరియల్ అయ్యే వేళ చూసి అమ్మకు ఫోను చేశాను. ఆ రోజు ఏ ఉద్దేశంతో అన్నావమ్మా అని అడిగితే, "రానక్కర్లేదు అనలేదే, రావద్దు అన్నాను. మళ్లీ ఆయన్ను ఎవరైనా ఒక మాట అంటే నేను ఊరుకుంటానా? అక్కడ గొడవెందుకని" అంది. వెనక నుంచి నాన్న, ఎవరు ఫోను అని అడుగుతున్నారు.

ఇన్నేళ్లూ అది అమ్మ కోపమనుకున్నాను. పైగా మాట కూడా తప్పుగా గుర్తుపెట్టుకుని, దాని మీద ఇంత వ్యాకరణం కట్టాను.

నోటుపుస్తకం ఇంకా తెరిచే ఉంది. ఈ ఏడాది నుంచి పెన్నుతోనే రాయాలట, రబ్బరుతో పోయే పని కాదు. పొద్దున అయిదున్నరకు లేపి దానిచేతే ఆ తప్పు కొట్టివేయించాలి. నువ్వే కదా చెప్పావు అంటుంది.